పొరుగు రాష్ట్రపు బేరము - పన్ను లెక్క

ఇంటిపట్టున నుండి పిల్లల దుస్తులు కుట్టి, ఆన్‌లైను అంగడిలో నమ్ముకొని, కుటుంబమునకు చేదోడగుచున్న సోదరీమణులు నేడు మనలో ననేకులు గలరు. హైదరాబాదులో కుట్టిన గౌను విజయవాడలోని బిడ్డ యొంటికి చేరుచున్నది. ఈ సౌకర్యము వెంట వచ్చు చిక్కొకటి కలదు. అది పన్ను లెక్క. దానిని గూర్చి మేమీ నెల నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

2017 జూలై 1 నుండి మన దేశమున వస్తుసేవల పన్ను అమలులో నున్నది. అమ్మకము రాష్ట్రములోపలనే జరిగినచో సగము కేంద్రపు పన్నుగను, సగము రాష్ట్రపు పన్నుగను బిల్లులో చూపవలయును. సరకు రాష్ట్రము దాటినచో ఐ.జి.ఎస్.టి. యను నొకే పన్ను వేయవలయును. వేయి రూపాయల గౌనుపై 5 శాతము చొప్పున మొదటిదానిలో 25, 25, రెండవదానిలో 50. కొనువారిచ్చునది సమానమే గదా, భేదమేమని తోచవచ్చును. కాని పద్దు మారినచో, సొమ్ము చెల్లించియు చెల్లింపనట్లే యగును.

తెలుగువారమందరము ఒక్కటే యైనను, 2014 జూన్ 2 నాటి విభజన తరువాత పన్ను లెక్కలో తెలంగాణము, ఆంధ్రప్రదేశము పరస్పరము పొరుగు రాష్ట్రములు. మొదటిదాని సంఖ్య 36, రెండవదానిది 37. మనవారు పొరబడు చోటిదియే.

కావున అంగడి సెట్టింగులలో నీ క్రింది విషయములు చూచుకొనవలెను. మొదటిది, రిజిస్ట్రేషను పొందిన రాష్ట్రమే స్వరాష్ట్రముగా నమోదై యున్నదా? రెండవది, పన్ను నిర్ణయమగునది సరకు చేరు చిరునామాను బట్టియా? హైదరాబాదులోని అమ్మమ్మ సొమ్ము చెల్లించి, విజయవాడలోని మనుమరాలికి గౌను పంపు మన్నచో, ఆ యమ్మమ్మ వ్యాపారిగా రిజిస్టరు కాని సామాన్య గృహిణియైనప్పుడు, చేరు చోటే ప్రమాణము. మూడవది, చూపిన ధరలో పన్ను కలిసి యున్నదా? కలిసియున్న 1,050 రూపాయలపై మరల 5 శాతము వేయుట కొనువారికి అన్యాయము. నాలుగవది, రేటు సరియైనదా? 2025 సెప్టెంబరు 22 నుండి ఒక్కొక్కటి 2,500 రూపాయలు మించని కుట్టిన దుస్తులకు 5 శాతము, మించినవానికి 18 శాతము.

సెట్టింగును దిద్దినంత మాత్రమున నది వరకు పంపిన బిల్లులు మారవు. ఇన్నూరు ఆర్డర్లు వేయి రూపాయల చొప్పున పొరుగు రాష్ట్రమునకు పంపి, వానిపై స్వరాష్ట్రపు పన్ను కట్టిన సోదరి యున్నదనుకొందము. ఆమె ఐ.జి.ఎస్.టి. క్రింద 10,000 రూపాయలు మరల కట్టవలసియుండును. చిన్న వ్యాపారమునకిది నెల సంపాదనయే కావచ్చును. అయినను నిరాశ పడనక్కరలేదు. ఇట్టి పొరపాటునకు చట్టము వడ్డీ వేయదు. పొరపాటున కట్టిన సొమ్ము తిరిగి యిచ్చును. సరియైన పన్ను కట్టిన దినము నుండి రెండేండ్లలోపల దరఖాస్తు చేసికొనవలెను. రిటర్నులలోని తప్పులు దిద్దుటకు మరుసటి ఆర్థిక సంవత్సరపు నవంబరు 30 గడువు. ఆలస్యమైన కొలది ఆర్డర్లు పెరుగును, ఇరుకున బడు సొమ్మును పెరుగును.

మరొక మాట. రిజిస్ట్రేషను లేనివారు పన్ను వసూలు చేయరాదు. రాష్ట్రము దాటి సరకు నమ్మువారికి, అమ్మక మెంత చిన్నదైనను, రిజిస్ట్రేషను సాధారణముగా నవసరము. కొన్ని చేతిపనుల వస్తువులకు మాత్రము షరతులతో మినహాయింపు కలదు.

నెలకొక్కసారి రిటర్ను పంపుటకు ముందు, పొరుగు రాష్ట్రపు బిల్లులు పది తీసి చూడుడు. వంటింటి పద్దు తప్పనీయని మన స్త్రీలకు ఈ పద్దొక లెక్క కాదని మా నమ్మకము.