పేరులో ఓఆర్‌ఎస్, లోపల పంచదార నీళ్లు: తీపి డ్రింకులకు ప్రభుత్వం రూల్స్ పెట్టాలా?

ఈ ఎపిసోడ్ టాపిక్ చిన్నదిగానే కనిపిస్తుంది: కూల్‌డ్రింకులు, జ్యూస్ ప్యాకెట్లు, ఎనర్జీ డ్రింకులు. వీటిలో చక్కెర ఎంత ఉండాలి, పేరు ఏం పెట్టాలి, పన్ను ఎంత వేయాలి, ఇవన్నీ ప్రభుత్వం చూడాలా? లేక "నా డబ్బు, నా నోరు, మధ్యలో మీరెవరు" అనాలా?

ఒకప్పుడు నేను రెండో బ్యాచ్. ఐటీ జాబ్‌లో ఉన్నప్పుడు నైట్ షిఫ్ట్ అంటే టేబుల్ మీద ఒక కోలా బాటిల్ ఉండాల్సిందే. ఎవరైనా "అది ఆరోగ్యానికి మంచిది కాదు" అంటే "తెలిసే తాగుతున్నా కదా" అనేవాడిని. ఆ "తెలిసే" అన్న మాట దగ్గరే నా లాజిక్ కొట్టేసింది. ఎలాగో చెప్తాను.

మా మేనల్లుడి కథ

2024 మే నెల. వైజాగ్ ఎండ, ఉక్కపోత మీకు తెలిసిందే. మా అక్క కొడుకు నాలుగేళ్లవాడు, సెలవులకి మా ఇంటికొచ్చాడు. పొద్దున్నుంచి విరేచనాలు. మా అమ్మ, "ఒరేయ్, గుంటడు వాడిపోతున్నాడు, బేగి వెళ్లి ఓఆర్‌ఎస్ పట్రా" అంది. బండి తీసుకుని మెడికల్ షాపుకి పరిగెత్తాను. "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అన్నాను. ఆయన ఫ్రిజ్ తీసి, యాపిల్ ఫ్లేవర్ టెట్రా ప్యాక్‌లు రెండు చేతిలో పెట్టాడు. ప్యాక్ మీద ఆ మూడక్షరాలూ పెద్దగా ఉన్నాయి. ఇంకేం చూస్తాం?

వాడికి భలే నచ్చింది. రెండూ తాగేశాడు. ఇంకోటి కావాలన్నాడు. సాయంత్రానికి విరేచనాలు తగ్గలేదు సరికదా, ఎక్కువయ్యాయి. కళ్లు లోపలికి పోయాయి. డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే "ఏం పట్టారు?" అని అడిగారు. నేను గొప్పగా ఖాళీ ప్యాక్ చూపించాను. ఆవిడ దాన్ని తిప్పి, చీమ తలంత అక్షరాలు చూపించారు. ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు అని దాని మీదే ఉంది.

ఆ రాత్రి వాడికి సెలైన్ ఎక్కించారు. రెండ్రోజుల్లో లేచి తిరిగాడు. ఆ డ్రింకు వల్లే ఎక్కువైందని నేను ప్రూవ్ చేయలేను. కానీ వాడికి కావాల్సిన మందు బదులు నా చేత్తో నేను ఇచ్చింది జ్యూస్. బీటెక్ చదివినవాడిని, రోజంతా స్క్రీన్ మీద అక్షరాలు చదివి బతికినవాడిని. నాకే తెలియలేదు. మరి "తెలిసే తాగుతున్నా" అన్న మాటకి అర్థం ఏముంది?

అసలు ఓఆర్‌ఎస్ అంటే ఏంటి?

లీటరు నీళ్లలో కలిపే 20.5 గ్రాముల పొడి, అంతే. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్రకారం అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములు, మామూలు ఉప్పు అంటే సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు.

మన పేగుల గోడలో ఒక ప్రత్యేకమైన దారి ఉంటుంది. దాన్ని షేర్ ఆటో అనుకోండి. సోడియం, గ్లూకోజ్ కలిసి ఎక్కితేనే బండి కదులుతుంది. అవి లోపలికి వెళ్తే వాటి వెనకే నీళ్లు కూడా ఒంట్లోకి వెళ్తాయి. విరేచనాల్లో కూడా ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ కిటుకు మొత్తం ఇదే.

మరి చక్కెర ఎక్కువైతే? మాగాయ పెట్టేటప్పుడు చూశారు కదా, మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ఉప్పు ఆ ముక్కల్లోని నీళ్లని బయటికి లాగుతుంది. పేగుల్లో మిగిలిపోయిన చక్కెరా అలాగే చేస్తుంది. ఒంట్లో నీళ్లని పేగుల్లోకి లాగుతుంది. నీళ్లు లోపలికి పోవాల్సింది పోయి బయటికి వస్తాయి. అందుకే విరేచనాలు అవుతున్న పిల్లలకి కూల్‌డ్రింకులు, తియ్యటి జ్యూసులు పట్టొద్దని డాక్టర్లు చెప్తారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 200 ఎంఎల్ అసలు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 2.7 గ్రాములు. అదే 100 ఎంఎల్‌కి 10 గ్రాముల చక్కెర ఉన్న డ్రింకు 200 ఎంఎల్ తాగితే 20 గ్రాములు, ఏడు రెట్ల పైమాట. పైగా ఉప్పు చాలదు. షేర్ ఆటోలో ఒకరే ఎక్కి కూర్చున్నట్టు.

ఈ ఫార్ములా వెనక చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థుల క్యాంపులో కలరా. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు నోటి ద్వారా తాగించారు. అక్కడ మరణాలు 30 శాతం దగ్గర నుంచి 4 శాతం లోపుకి వచ్చాయి. ఆయన చనిపోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇన్ని ప్రాణాలు కాపాడిన పేరు అది. ఆ పేరుని జ్యూస్ మీద అతికించడం అంటే కోడ్‌లో ఒక ఫంక్షన్‌కి "సేవ్" అని పేరు పెట్టి లోపల "డిలీట్" రాసినట్టే.

హైదరాబాద్ డాక్టర్ పోరాటం

ఈ విషయం మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దాదాపు 8 ఏళ్లు పోరాడారు. వీడియోలు చేశారు, అధికారులకి లెటర్లు రాశారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు.

రూల్స్ కథ ఎలా నడిచిందో చూడండి. మన దేశంలో తిండి పదార్థాల మీద రూల్స్ పెట్టేది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. 2022 ఏప్రిల్‌లో వాళ్లు, ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దన్నారు. సూపర్ కదా? మూడు నెలలకే, జులైలో, బ్రాండ్ పేరుకి ముందో వెనకో ఓఆర్‌ఎస్ పెట్టుకోవచ్చు, "ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాదు" అని ప్యాక్ మీద రాస్తే చాలు అన్నారు. 2024 ఫిబ్రవరిలో మరో ఆర్డర్, అదీ ఆ దారిలోనే. మా డాక్టర్ గారు చూపించిన చీమ తలంత అక్షరాలు అక్కడి నుంచి వచ్చినవే.

చివరికి 2025 అక్టోబర్ 14న ఆ రెండు అనుమతులూ రద్దు చేశారు. పండ్ల డ్రింకైనా, రెడీగా తాగే ఇంకే డ్రింకైనా, పేరులో ఎక్కడా ఓఆర్‌ఎస్ ఉండకూడదు. ఆ రోజు ఆ డాక్టర్ గారు కన్నీళ్లతో పెట్టిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. తర్వాత కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి. మొదట కొంత ఊరట దొరికినా, ఇది ప్రజారోగ్యం విషయం కాబట్టి జోక్యం చేసుకోమని అక్టోబర్ 31న కోర్టు చెప్పేసింది. నవంబర్‌లో ఇలాంటివి షాపుల్లోంచి, ఆన్‌లైన్‌లోంచి తీసేయించమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రాష్ట్రాలకి చెప్పింది.

గమనించారా? ఆ డ్రింకుని ఎవరూ బ్యాన్ చేయలేదు. పేరు మార్చుకుని ఇప్పటికీ అమ్ముకోవచ్చు. అబద్ధం మాత్రమే ఆపారు. నా దృష్టిలో ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని ఇదే. నిజం తెలిస్తేనే కదా నా ఛాయిస్‌కి విలువ.

పన్ను సంగతి

రెండో ప్రశ్న. పేరు కరెక్ట్‌గా ఉంది, కోలాని కోలా అనే అమ్ముతున్నారు. అప్పుడు కూడా ప్రభుత్వానికి పని ఉందా?

ఉందనే నేను అనుకుంటున్నాను. ఐసీఎంఆర్-ఇండియాబ్ స్టడీ 2023లో వచ్చింది. దాని ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ వ్యాధి ఉంది. చక్కెర డ్రింకులు ఒక్కటే కారణం కాదు. అన్నం, కూర్చుని చేసే ఉద్యోగాలు, వంశపారంపర్యం, అన్నీ ఉంటాయి. కానీ డ్రింకుకి ఒక గుణం ఉంది. కడుపు నిండినట్టు అనిపించదు, చక్కెర మాత్రం చకచకా లోపలికి పోతుంది. కోలాల్లో 100 ఎంఎల్‌కి సుమారు 10 గ్రాములు ఉంటుంది. 600 ఎంఎల్ బాటిల్ అంటే 60 గ్రాములు. చెంచాకి 4 గ్రాములు వేసుకుంటే 15 చెంచాలు! డబ్ల్యూహెచ్‌ఓ పెద్దవాళ్లకి రోజుకి 50 గ్రాములు దాటొద్దు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది అంటోంది.

మన దగ్గర పన్ను లేదా? గట్టిగానే ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గ్యాస్ డ్రింకుల మీద 28 శాతం, దాని పైన 12 శాతం సెస్. 2025 సెప్టెంబర్ 22 నుంచి నేరుగా 40 శాతం. కానీ ట్విస్ట్ ఏంటంటే, చక్కెర లేని డైట్ కోలా మీదా అదే 40. గ్యాస్ లేని పండ్ల రసం డ్రింకు మీద మాత్రం 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, అందులో కోలాకి దీటుగా చక్కెర ఉన్నా సరే. అంటే మన రూల్ "గ్యాస్ ఉందా?" అని చూస్తోంది. "చక్కెర ఎంత?" అని అడగడం లేదు.

బ్రిటన్ 2018 ఏప్రిల్ నుంచి చక్కెరనే అడుగుతోంది. మొదలుపెట్టినప్పుడు 100 ఎంఎల్‌లో 5 గ్రాములు దాటితే లీటరుకి 18 పెన్నీలు, 8 దాటితే 24 పెన్నీలు ఉండేది. రెండేళ్ల ముందే చెప్పారు. పన్ను మొదలయ్యేలోపే చాలా కంపెనీలు చక్కెర తగ్గించేశాయి. తాగేవాడు మారకపోయినా డ్రింకు మారింది. మెక్సికోలో 2014 నుంచి లీటరుకి ఒక పెసో వేస్తే, మొదటి ఏడాది కొనుగోళ్లు 6 శాతం దాకా తగ్గాయి. అద్భుతం కాదు, కానీ తేడా వచ్చింది.

"మరి మన మామిడి రైతు?" అని చిత్తూరు ఫ్రెండ్స్ అడుగుతారు. కరెక్ట్ ప్రశ్న. 2025లో తోతాపురి ధర పడిపోతే కిలోకి 4 రూపాయలు రాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాల్సి వచ్చింది. గుజ్జు కొనేది ఈ డ్రింకు కంపెనీలే. అందుకే నేను పండు మీద పన్ను అనట్లేదు, కలిపిన చక్కెర మీద అంటున్నాను. రైతు అమ్మేది గుజ్జు కదా, పంచదార కాదు కదా. గుజ్జు ఎక్కువ, చక్కెర తక్కువ ఉన్న డ్రింకుకి పన్ను తక్కువ ఉంటే రైతుకీ మంచిదే.

"పేదవాడి మీద భారం కాదా?" ఇదీ న్యాయమైన మాటే. పోర్టులో మూటలు మోసేవాళ్లకి, స్టీల్‌ప్లాంట్‌లో కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకి మధ్యాహ్నం ఒక చల్లటి సీసా చిన్న సుఖం. దాన్ని లాక్కోమని నేను అనను. కానీ షుగర్ వ్యాధి వచ్చాక నెలనెలా మందుల ఖర్చు ఎక్కువ నొప్పి పెట్టేది కూడా ఆ ఇంటికే. కాబట్టి పన్ను వేస్తే సరిపోదు. బస్టాపుల దగ్గర, పని చేసే చోట శుభ్రమైన చల్లటి నీళ్లు ఉచితంగా ఉండాలి. నీళ్ల బాటిల్ కూడా కొనుక్కోవాల్సిన చోట "కోలా తాగొద్దు" అంటే అది నీతులు చెప్పడమే.

ఇంకో రూల్ ఆల్రెడీ ఉంది, చాలామందికి తెలియదు. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువ ఉన్నవి స్కూల్ గేటుకి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే చెప్పింది. ఈసారి మీ వీధి స్కూల్ దగ్గర ఆగి, గేటు నుంచి అడుగులు లెక్కపెట్టి చూడండి. రూల్ రాయడం సగం పనే.

సరే, ఇప్పుడు మనం ఏం చేయాలి?

మూడు పనులు, ఫోన్‌లో నోట్ చేసుకోండి.

ఒకటి, ప్యాక్ ముందు వైపు ఉన్నది యాడ్, వెనక వైపు ఉన్నదే సమాచారం. వెనక 100 ఎంఎల్‌కి చక్కెర ఎంతో చూడండి, బాటిల్ సైజుతో లెక్కకట్టండి, 4తో భాగించండి. ఎన్ని చెంచాలో తెలిసిపోతుంది. ముందు వైపే పెద్దగా హెచ్చరిక ఉండాలన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చిలీలో 2016 నుంచే నల్లటి గుర్తులు వేస్తున్నారు. మనకి వచ్చేదాకా ప్యాక్ తిప్పి చూడటమే దారి.

రెండు, విరేచనాలు అయితే పొడి ప్యాకెట్టే అడగండి, దాని మీద "డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా" అని ఉందో లేదో చూడండి. ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. అర్ధరాత్రి అది కూడా దొరక్కపోతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి కొలవాలి. అంచనాగా వేయొద్దు. పిల్లాడు మగతగా ఉన్నా, ఒంటికి వెళ్లడం తగ్గినా వెంటనే డాక్టర్ దగ్గరికి.

మూడు, ఏ షాపులోనైనా పేరులో ఓఆర్‌ఎస్ ఉన్న జ్యూస్ కనిపిస్తే ఫోటో తీసి ఫుడ్ సేఫ్టీ అధికారులకి కంప్లయింట్ పెట్టండి. షాపాయనతో గొడవ వద్దు. నాకిచ్చినాయన కూడా దాన్ని ఓఆర్‌ఎస్ అనే అనుకున్నాడేమో!

మొన్న మేనల్లుడు మళ్లీ వచ్చాడు. ఇప్పుడు అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాడు. ఫ్రిజ్‌లో జ్యూస్ ప్యాకెట్ తీసి, "మావయ్యా, దీని మీద ఏం రాసుంది?" అన్నాడు. తిప్పి, వెనక వైపు చూపించాను. అక్షరాలు మరీ చిన్నవి, వాడు చదవలేకపోయాడు. ఆ అక్షరాలు వాడికి కనిపించేలా చేయడం మాత్రం మావయ్య ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. దానికే ప్రభుత్వం కావాలి.

ఈ వీడియో మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న అక్కలకి, వదినలకి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా మజ్జిగ తాగండి, ఉప్పేసుకుని!