లక్ష జీతం వదిలితే రోజుకు ఎంత అడగాలి?

మన దేశంలో పనిచేసుకుని బతికే వందమందిలో నెలజీతం అందుకునేవాళ్లు 22 మందికి మించరు. 2023-24 కార్మిక సర్వే ప్రకారం 58.4 శాతం మంది స్వయం ఉపాధి మీద, 19.8 శాతం మంది కూలి మీద బతుకుతున్నారు. రెగ్యులర్ జీతగాళ్లు 21.7 శాతమే. కాబట్టి ఉద్యోగం మానేయడమంటే కొత్త లోకంలోకి దూకడమేమీ కాదు, మన తాతలు ఉన్న చోటికే తిరిగి వెళ్లడం. కాకపోతే కిరాణా కొట్టాయనకు ఏ సరుకు ఏ రేటుకు అమ్మితే గిట్టుబాటో తెలుసు. పదేళ్లు ఒకటో తారీఖుకు అలవాటుపడ్డ మనిషికి తెలియదు.

ఉదాహరణకు హైదరాబాద్‌లో నెలకు లక్ష జీతం, అందులో 50 వేలు బేసిక్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని తీసుకుందాం. రాజీనామా చేసి సొంతంగా పని మొదలుపెట్టాడు. మొదటి క్లయింటు “రోజుకు ఎంత తీసుకుంటారు?” అన్నాడు. మనవాడు లక్షను ముప్ఫైతో భాగించి, 3,333 వస్తే కాస్త పెంచి “మూడున్నర వేలు ఇవ్వండి సార్” అన్నాడు. మునిగాడు.

ఎందుకంటే చేతికొచ్చిన లక్ష ఒక్కటే జీతం కాదు. బేసిక్ మీద 12 శాతం కంపెనీ వాటా పీఎఫ్ పడితే ఏడాదికి 72 వేలు. గ్రాట్యుటీ ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం, అదీ నెలకు 26 రోజుల లెక్కన, అంటే 28,846 రూపాయలు. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 30 వేలు అనుకుందాం. అన్నీ కలిపితే ఏడాదికి 13.3 లక్షలు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ పేరుతో ఇవన్నీ చూపించి మురిపిస్తారు, నెలనెలా చేతికి రావు కాబట్టి మనం మర్చిపోతాం.

ఇక రోజులు. 365లో శని, ఆదివారాలు 104 తీసేస్తే 261. పండగలు, సెలవులు ఓ 30 పోతే 231. ఈ 231కీ ఉద్యోగికి జీతం వస్తుంది, సెలవులకూ వస్తుంది. సొంతంగా చేసేవాడికి బిల్లు వేసిన రోజుకే డబ్బు. కొత్త పని వెతుక్కోవడం, కొటేషన్లు పంపడం, బాకీల కోసం ఫోన్లు చేయడం ఎవరి ఖాతాలోనూ పడవు. 150 రోజులకు బిల్లు పడితే బాగానే నడిచినట్టు. 13.3 లక్షలను 150తో భాగిస్తే రోజుకు సుమారు 8,870. అడిగినదానికి రెండున్నర రెట్లు. కరెంటు, ఇంటర్నెట్, ల్యాప్‌టాప్ ఖర్చులు ఇంకా కలపనేలేదు.

పన్ను కలిసొస్తుందని చాలామంది అంటారు. కొంత నిజం. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఐటీ నిపుణుల వంటివారికి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు. నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా ఈ వెసులుబాటు ఉంది. 2025-26 కొత్త విధానంలో 24 లక్షలు సంపాదించిన ఉద్యోగి సెస్సుతో కలిపి 2,92,500 కట్టాలి. అంతే ఫీజు వచ్చిన ఫ్రీలాన్సర్ ఆదాయం 12 లక్షలుగా లెక్కకొస్తుంది, పన్ను సున్నా. కానీ మనం లెక్కేసిన లక్ష జీతగాడికి ఉద్యోగంలోనూ పన్ను సున్నాయే, 12.75 లక్షల దాకా అతనికి ఎలాగూ లేదు. పైగా ఫీజులు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. బిల్లు మీద మరో 18 శాతం అనగానే చిన్న క్లయింట్లు జారుకుంటారు.

డబ్బు ఆలస్యం కావడం మరో తలనొప్పి. 80 వేల ఫీజులో 10 శాతం టీడీఎస్ పోతే అందేది 72 వేలు, మిగతాది రిటర్ను వేశాక. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదైతే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం పనికొస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలవారీ చక్రవడ్డీ. వడ్డీ అడిగి క్లయింటును పోగొట్టుకునేవాళ్లు తక్కువే అనుకోండి.

ఇంత నష్టానికి ఎందుకు సిద్ధపడతారు? అమెరికా గణాంకాలతో ఆర్థికవేత్త బార్టన్ హామిల్టన్ 2000లో తేల్చినదాని ప్రకారం, పదేళ్లు సొంతంగా నడిపినవాళ్ల మధ్యస్థ ఆదాయం, ఉద్యోగంలో ఉండి ఉంటే వచ్చేదానికంటే 35 శాతం తక్కువ. జర్మనీ, బ్రిటన్, స్విట్జర్లాండ్ సమాచారంతో ఆర్థికవేత్తలు బెంజ్, ఫ్రే 2008లో దీనికి రెండో వైపు చూపించారు. ఆదాయం, పనిగంటలు సమానంగా ఉన్నా సొంతంగా చేసుకునేవాళ్లకే పనిలో తృప్తి ఎక్కువ. కారణం, నెత్తిన బాసు లేకపోవడం. యాప్‌ల మీద బతికే డెలివరీ కుర్రాళ్లకు ఇది వర్తిస్తుందని నేననుకోను. 2020-21లో గిగ్ కార్మికులు 77 లక్షలని నీతి ఆయోగ్ చెప్పింది. రేటు, ఆర్డరు రెండూ యాప్ తేల్చే పనిలో బాసు పోలేదు, కనబడకుండా పోయాడంతే.

నా లెక్కలో అన్నిటికంటే బరువైన అంకె ఇంటి ఖర్చు. ఖర్చులు పోను బిల్లు వేసిన రోజుకు 8,000 మిగిలిందనుకుందాం. ఇంటికి నెలకు 60 వేలు కావాలంటే ఏడాదిలో 90 రోజులు బిల్లు పడాలి. గచ్చిబౌలి నుంచి హనుమకొండకో రాజమండ్రికో మారి 40 వేలతో సర్దుకుంటే 60 రోజులు చాలు. నెల రోజుల స్వేచ్ఛ అద్దెలోనే దాగుంది. రాజీనామాకు ముందే, జీతం స్లిప్పు ఉండగానే హోమ్‌లోన్ తీసేసుకోమనే సలహాదారులుంటారు. తర్వాత బ్యాంకులు రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి, నిజమే. అయినా ఈఎంఐ తగిలించుకుని స్వేచ్ఛకు బయల్దేరడం నాకు అర్థం కాని పని. ముందే తీసుకోవాల్సింది ఆరోగ్య బీమా. అప్పటికే ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి వెయిటింగ్ పీరియడ్ 3 ఏళ్ల దాకా ఉండొచ్చు, 2024లోనే అది 4 నుంచి తగ్గింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఉద్యోగంలో ఉండగానే పాలసీ మొదలుపెడితే, కంపెనీ బీమా నడుస్తున్నంత కాలం ఆ వెయిటింగ్ పీరియడ్ చడీచప్పుడు లేకుండా కరిగిపోతూ ఉంటుంది.