మూడు ‘బాయి’ల మాట.. ముందు పలికిందెవరు?

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ నానుడిపై తరానికో కథనం
పదాల్లోనే దాగిన వలస చరిత్ర

నస్పూర్: సొంత ఊళ్లో బతుకు సాగని మనిషికి మిగిలిన దారులెన్ని? ఈ ప్రశ్నకు ఉత్తర తెలంగాణ మూడే మాటల్లో సమాధానం చెబుతుంది. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’. ఉమ్మడి కరీంనగర్‌, ఆదిలాబాద్‌, నిజామాబాద్‌, వరంగల్‌ జిల్లాల్లో ఈ నానుడి తెలియనివారు అరుదు. గని మీద పనికి కుదిరినా, బట్టల మిల్లులో చేరినా, ఎడారి దేశానికి విమానమెక్కినా ఇంటిని వదిలిన బాధ ఒక్కటేనని దీని భావం. శతాబ్దానికి పైబడిన వలసల కథ ప్రాస కుదిరిన మూడు పదాల్లో ఒదిగింది. ఇంతటి మాటను మొదట పలికింది ఎవరన్న దానిపై మాత్రం తరానికో అభిప్రాయం ఉంది.

తరానికో కథనం

గనుల్లో పనిచేసి విశ్రాంతి పొందిన తరం ఈ నానుడిని తమదిగానే భావిస్తుంది. కార్మికవాడల్లో, బావి గడ్డ మీద జరిగిన సంభాషణల్లోంచి అది పుట్టిందని, ‘బొగ్గుబాయి’ లేనిదే మిగిలిన రెండింటికీ ప్రాస లేదని ఆ తరం వాదన. వారి తర్వాతి తరానికి ఈ మాట ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో ముడిపడింది. ధూంధాం వేదికలపై, బహిరంగ సభల్లో విన్నదే వారికి మొదటి జ్ఞాపకం. 2001 ఏప్రిల్‌ 27న తెలంగాణ రాష్ట్ర సమితి ఆవిర్భవించాక పార్టీ అధినేత కె.చంద్రశేఖరరావు ప్రసంగాల్లో ఈ మూడు పదాలు తరచూ వినిపించాయి. అందుకే చాలామంది దీనిని ఆయన మాటగానే చెబుతారు. ఇంకొందరు ఉద్యమ కవులకు, గాయకులకు ఆ ఖ్యాతిని కట్టబెడతారు. నేటి యువతకు ఇది చరవాణి తెరపై కనిపించే పాత ప్రసంగాల్లోని నినాదం.

ముగ్గురూ తాము విన్నదే చెబుతున్నారు. అయితే ఒక మాటను మొదట విన్న చోటు, ఆ మాట పుట్టిన చోటు ఒకటే కానక్కర్లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

‘బాయి’ అంటే బావే

నానుడి పుట్టిన ప్రాంతం విషయంలో సందేహానికి తావులేదు. సంస్కృత ‘వాపి’ తెలుగులో ‘బావి’ అయింది. తెలంగాణ వాడుకలో అది ‘బాయి’గా మారింది. బావి అని పలికేచోట బొంబాయితో ప్రాస కుదరదు. కాబట్టి ఈ నానుడి తెలంగాణ నాలుకపైనే పుట్టాలి. గని అన్నది పుస్తకాల మాట. నిలువునా తవ్విన గొయ్యిలోకి మనుషులు దిగడం చూసిన పల్లె జనం తమకు తెలిసిన బావి పేరునే దానికి పెట్టారు. ‘బాయి దిగిండు’, ‘బాయి పని’ వంటి మాటలు గని ప్రాంతాల్లో నేటికీ సాధారణం. ఏటవాలు దారిలో నడిచి వెళ్లే ఇంక్లైన్‌ గనికి సైతం బాయి అన్న పేరే నిలిచింది.

విశేషమేమిటంటే మూడు పదాల్లోని ‘బాయి’లకు పరస్పరం ఏ బంధుత్వమూ లేదు. బొంబాయి పేరు ముంబాదేవి నుంచి వచ్చిందని ఎక్కువ మంది అంగీకరిస్తారు. పోర్చుగీసు భాషలో ‘మంచి రేవు’ అనే అర్థం నుంచి వచ్చిందన్న కథనమూ ప్రచారంలో ఉంది. దుబాయి పేరుపైనా భిన్న వాదనలున్నాయి. సంబంధం లేని మూడు పేర్లను ఒక్క ప్రాసతో కట్టింది వలస బతుకే.

1889లో తొలి బాయి

నానుడిలోని ఒక్కో పదానికి ఒక్కో కాలం ఉంది. ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్‌ 1871లో గుర్తించారు. 1886లో హైదరాబాద్‌ (దక్కన్‌) కంపెనీ తవ్వకాల హక్కులు పొందింది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్‌ కంపెనీ ఏర్పడింది. ఇల్లెందు తర్వాత బెల్లంపల్లి ప్రాంతానికి, కొత్తగూడేనికి, స్వాతంత్య్రానంతరం రామగుండం, శ్రీరాంపూర్‌ ప్రాంతాలకు గనులు విస్తరించాయి.

తొలి రోజుల్లో బొగ్గుబాయి అంటే భయమే. చీకట్లో పని, పైకప్పు కూలుతుందన్న దిగులు, విష వాయువులు, నీటి ముప్పు వెన్నాడేవి. వ్యవసాయం సాగినంత కాలం రైతు కుటుంబాలు అటువైపు చూడలేదు. కరవుతోనో, అప్పులతోనో, దొరల వెట్టితోనో విసిగినవారే బాయి దారి పట్టారు. అనంతర కాలంలోనూ ప్రమాదం తొలగలేదు. 2003 జూన్‌ 16న గోదావరిఖనిలోని 7ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తగా 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

మిల్లుల నగరానికి దారి

బొంబాయి వలస అంతకంటే పాతది. తెలుగు ప్రాంతం నుంచి వెళ్లి నిర్మాణ పనులు చేసిన కామాటీల పేరుతోనే అక్కడ కామాటిపుర వెలసింది. 1850లలో బట్టల మిల్లులు మొదలయ్యాక నేత పని తెలిసిన పద్మశాలి కుటుంబాలకు ఆ నగరం ఆశాకిరణమైంది. కరీంనగర్‌ ప్రాంతం నుంచి బొంబాయికి, భివండీకి కుటుంబాలకు కుటుంబాలే తరలిపోయాయి.

ఆ దారీ శాశ్వతం కాలేదు. 1982 జనవరిలో దత్తా సామంత్‌ నాయకత్వంలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. సమ్మె తర్వాత అనేక మిల్లులు తిరిగి తెరుచుకోలేదు. 1995లో నగరం పేరు అధికారికంగా ముంబయిగా మారింది. నానుడిలో మాత్రం బొంబాయే మిగిలింది. అక్కడ ప్రాస ముఖ్యం, పాత జ్ఞాపకం ముఖ్యం.

1973 తర్వాతే దుబాయి

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. గల్ఫ్‌ దేశాల్లో రోడ్లు, భవనాలు, రేవుల నిర్మాణం ఊపందుకుంది. పనిచేసే చేతులు కావాల్సి వచ్చాయి. కరీంనగర్‌, నిజామాబాద్‌, ఆదిలాబాద్‌ పల్లెల నుంచి యువకులు అప్పులు చేసి ఏజెంట్ల చేతిలో డబ్బు పెట్టారు. మనిషి వెళ్లింది సౌదీకైనా, మస్కట్‌కైనా, కువైట్‌కైనా ఊరివారికి ‘దుబాయి పోయినట్లే’. ప్రస్తుత మంచిర్యాల జిల్లాలోనూ లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం మండలాల నుంచి ఈ వలస సాగింది. అటు గల్ఫ్‌ పల్లెలు, ఇటు బొగ్గు బావులు ఉన్న ఈ జిల్లాలో నానుడిలోని రెండు పదాలు పక్కపక్క ఊళ్లలోనే కనిపిస్తాయి.

పదాలే సాక్ష్యం

ఇప్పుడు వాదనలను పరీక్షించవచ్చు. దుబాయి వలస 1970లలో ఊపందుకుంది. కనుక మూడు పదాల నానుడి అంతకు ముందు ఉండే అవకాశం లేదు. నిజాం కాలంలోనే ఈ మాట పూర్తి రూపంలో ఉండేదన్న కథనం ఇక్కడే వీగిపోతుంది. అయితే బొగ్గుబాయి, బొంబాయి జంట అంతకు ముందే వాడుకలో ఉండి, దుబాయి తర్వాత వచ్చి చేరి ఉండవచ్చు. ప్రాసకు లొంగే మూడో పేరు దొరికిన నాడు దానిని కలపడానికి కవే కానక్కర్లేదు. బస్టాండులో వీడ్కోలు చెప్పే తల్లి చాలు.

ఉద్యమమే ఈ మాటను సృష్టించిందన్న వాదనకూ ఇలాంటి ఇబ్బందే ఉంది. 2001 నాటికి బొంబాయి మిల్లుల ప్రాభవం ముగిసి దాదాపు రెండు దశాబ్దాలైంది. ఆనాడు కొత్తగా నినాదం కట్టేవారు బొంబాయికి అంతటి ప్రాధాన్యం ఇవ్వాల్సిన పనిలేదు. ముగ్గురిలో ఒకరుగా అది నిలవడాన్ని బట్టి 1970, 80 దశకాలే నానుడి రూపుదిద్దుకున్న కాలమని భావించడానికి ఎక్కువ ఆధారం ఉంది. ఉద్యమం చేసింది మరో పని. పల్లెలో నిట్టూర్పుగా ఉన్న మాటను అది ప్రశ్నగా మార్చింది. ‘మా రాత ఇంతే’ అన్న భావం పోయి, ‘మా రాత ఇలా ఎందుకుంది’ అన్న నిలదీత వచ్చింది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు విధులు బహిష్కరించినప్పుడు ఆ ప్రశ్నకు బొగ్గుబాయే వేదికైంది.

పదాల వరుస సైతం ఆసక్తికరం. కొందరు బొగ్గుబాయితో మొదలుపెడతారు. మరికొందరు ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అంటారు. మొదటి వరుసలో మనిషి ఇంటి నుంచి దూరమవుతూ పోతాడు. రెండో వరుసలో దూరాలన్నీ తిరిగి చివరకు సొంత నేల కిందికే దిగుతాడు.

‘ఓకే’కూ తప్పని తగవు

మాటల పుట్టుకపై వివాదం తెలుగుకే పరిమితం కాదు. ప్రపంచమంతా పలికే ‘ఓకే’ తమ భాషదేనని పలు భాషలవారు చెప్పుకొన్నారు. 1839 మార్చి 23న అమెరికాలోని బోస్టన్‌ నగర పత్రికలో ఆ మాట కనిపించిందని అలెన్‌ వాకర్‌ రీడ్‌ 1960లలో చూపించారు. ‘ఆల్‌ కరెక్ట్‌’ను వేళాకోళానికి తప్పుల తడకగా రాసి, దానిని కుదించగా ఓకే అయిందని తేల్చారు. అక్కడ పత్రికే రుజువు. కూలీల నోట పుట్టే నానుడికి ఆ సౌలభ్యం ఉండదు. అది అచ్చుకెక్కే సరికే ఊళ్లన్నీ తిరిగి వస్తుంది. అచ్చులోని తేదీ దాని వయసుకు కింది హద్దు మాత్రమే, పుట్టినరోజు కాదు.

పేరు మిగిలి మూలం మరుగైన ఉదాహరణలు గని ప్రాంతంలోనే కోకొల్లలు. సింగరేణి అన్నది ఇల్లెందు వైపున్న ఒక గ్రామం పేరు. అది ఆరు జిల్లాల గనులకు పేరైంది. నస్పూర్‌ను నేటికీ ‘సీసీసీ’ అని పిలుస్తారు. అది ఇక్కడ నెలకొల్పిన కోల్‌ కెమికల్‌ కాంప్లెక్స్‌కు పొట్టిపేరు. బస్సు ఎక్కి సీసీసీ టికెట్‌ అడిగే విద్యార్థుల్లో ఆ మూడు అక్షరాల విస్తరణ తెలిసినవారు కొద్దిమందే.

చెప్పని నాలుగో బాయి

నానుడిలో మూడు బాయిలే వినిపిస్తాయి. వాటి వెనుక వినిపించని నాలుగోది ఉంది. అది పొలంలోని వ్యవసాయ బాయి. చెరువులు పూడిపోయి, వానలు ముఖం చాటేసి, ఆ బావి ఎండినప్పుడే మిగిలిన మూడింటి అవసరం పడింది. ఊరి బాయిలో నీళ్లుంటే బొగ్గుబాయిలో చెమటోడ్చే పనిలేదు. నానుడికి అసలు మూలం వెదకాలంటే వేదికల మీద కాదు, ఎండిన ఆ బావి గట్టు మీద వెదకాలి.

శాపం కాస్తా ఆశగా..

బొగ్గుబాయి అర్థం కాలంతో పాటు తలకిందులైంది. ఒకప్పుడు భయపెట్టిన కొలువు, వేతన ఒప్పందాలు, క్వార్టరు, వైద్యం, లాభాల్లో వాటాతో కోరుకునే ఉద్యోగమైంది. అదే సమయంలో అవకాశాలు తరిగాయి. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య యంత్రీకరణ, ఉపరితల గనుల విస్తరణతో 40 వేల దరిదాపులకు పడిపోయింది. వారసత్వ ఉద్యోగాల ప్రకటనను 2017లో హైకోర్టు కొట్టివేసింది. తర్వాత వైద్యపరంగా అనర్హులైన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాల మార్గం తెరుచుకుంది.

అందుకే నస్పూర్‌, శ్రీరాంపూర్‌ కాలనీల్లో ఈ నానుడి ఒకే ఇంట్లో మూడు విధాలుగా ధ్వనిస్తుంది. తాతకు బొగ్గుబాయి తప్పనిసరి గతి. తండ్రికి కుటుంబాన్ని నిలబెట్టిన కొలువు. మనవడికి అందని ద్రాక్ష. తాత తప్పించుకోవాలనుకున్న బాయిలోనే చోటు దొరికితే చాలని మనవడు దరఖాస్తు చేసుకుంటున్నాడు.

పలికింది ఎవరన్న తగవుకు ఒక్క పేరుతో ముగింపు దొరకదు. బొంబాయి వెళ్లిన తరం ఒక పదం ఇచ్చింది. గని దిగిన తరం మరో పదం ఇచ్చింది. ఎడారి దాటిన తరం మూడోది చేర్చింది. ఉద్యమం దానికి గొంతునిచ్చింది. నానుడి ఎవరిదన్న వాదన ఎలా ఉన్నా, మనవడి తరం దానికి ఇంకో ‘బాయి’ని కలపాల్సిన అవసరం రాకూడదన్నదే గని ప్రాంత ఇళ్లన్నింటి కోరిక.