భయానికి తుపాకీ మందు కాదు

2025 మే 28న అస్సాం కేబినెట్ ఒక నిర్ణయం తీసుకున్నాది. మారుమూల, సున్నిత ప్రాంతాల్లో ఉన్న స్థానిక మూలవాసులకి తుపాకీ లైసెన్సులు ఉదారంగా ఇస్తామన్నారు ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ. ధుబ్రి, బార్పేట, నగావ్, మోరిగావ్ లాంటి జిల్లాల పేర్లు చెప్పారు. తర్వాత ఆన్‌లైన్లో దరఖాస్తులు కూడా మొదలెట్టారు. ఆ వార్త చూసిన మన కుర్రోళ్ళకి ఒక ఆలోచన రావడం సహజం. "ఆళ్ళకి ఇచ్చినప్పుడు మనకెందుకు ఇవ్వరు? మనదీ మారుమూలే కదా, మనమూ మూలవాసులమే కదా?"

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ప్రశ్నని నవ్వి తీసిపారెయ్యకూడదు. కొండమీద ఊరికి పోలీసు స్టేషన్ ఇరవయ్యో ముప్పయ్యో కిలోమీటర్లు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ ఉండదు. సంత నుంచి చీకటి పడ్డాక ఒంటరిగా నడిచొచ్చే ఆడపిల్ల భయం నిజం. పొలంలో ఎలుగుబంటి ఎదురైన ముసలాయన భయం నిజం. అయితే ఆ భయానికి ఇంటికో తుపాకీ మందా, లేక ఇంకో కొత్త రోగమా అన్నది తేల్చుకోవాల. దానికి ముందు చట్టం ఏటి చెప్తాదో తెలుసుకోవాల.

చట్టంలో ఇప్పటికే ఉన్నదేటి?

"మనల్ని చంపడానికి వచ్చినా మనం చేతులు కట్టుకోవాలంట" అని చాలామంది అనుకుంటారు. అది అబద్ధం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106. నంబర్లు మారాయి గానీ సారం మారలేదు.

నీ ఒంటినీ, నీ ఆస్తినీ, పక్కోడి ఒంటినీ, పక్కోడి ఆస్తినీ కాపాడుకునే హక్కు నీకున్నాది. ప్రాణం తీస్తాడన్న భయం, తీవ్రంగా గాయపరుస్తాడన్న భయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి, ఇలాంటి వాటిని ఆపే క్రమంలో ఎదుటోడు చచ్చిపోయినా 38వ సెక్షన్ నిన్ను కాపాడతాది. దోపిడీకి వచ్చినోడు, రాత్రిపూట ఇంటికి కన్నమేసినోడు, కాపురమున్న ఇంటికి నిప్పెట్టినోడు, ఈళ్ళ విషయంలో 41వ సెక్షన్ ఉన్నాది. దాడి జరుగుతుంటే పిరికోడిలా పారిపోవాలని చట్టం అడగదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అయితే 37వ సెక్షన్ రెండు గీతలు గీసింది. ఒకటి, అధికారుల దగ్గరకి పోయే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదు. రెండు, ఆపడానికి ఎంత అవసరమో అంతే కొట్టాల, అంతకి మించకూడదు. ఇంకో సంగతి, ప్రమాదం ఉన్నంతసేపే ఈ హక్కు కూడా ఉంటాది.

మన లెక్కలో చెప్పుకుందాం. నీ తోటలో కాఫీ పళ్ళు కోస్తున్న దొంగని అడ్డుకోవచ్చు, పట్టుకోవచ్చు. ఆడు బస్తా పడేసి గెడ్డ దాటి పారిపోతుంటే ఎనకనుంచి కాల్చి చంపితే అది ఆత్మరక్షణ కాదు, హత్య. బస్తా కాఫీ పళ్ళకి మనిషి ప్రాణం ఖరీదు కట్టకూడదని చట్టం గీసిన గీత అది. "ఆత్మరక్షణ చట్టాన్ని విస్తరించండి" అని అడిగేవాళ్ళు చెరపమంటున్నది ఈ గీతల్నే.

గీత చెరిపిన చోట ఏటి జరిగింది?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 2005లో ఆ గీత చెరిపింది. అంతకుముందు బయట, వీధిలో గొడవైతే క్షేమంగా తప్పుకునే దారి ఉన్నప్పుడు తప్పుకోవాల, దారి లేకపోతేనే చంపే బలం వాడాల. కొత్త చట్టం తప్పుకోనక్కర్లేదన్నాది. భయం సహేతుకమైతే చాలు, నిలబడి కాల్చొచ్చు. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2017లో ఫ్లోరిడా ఇంకో అడుగేసింది. కాల్చినోడు ఆత్మరక్షణ అని మినహాయింపు కోరితే, కాదని నిరూపించే బరువు ప్రభుత్వ లాయరు మీద పెట్టింది.

ఫలితం లెక్కల్లో ఉన్నాది. 1999 నుంచి 2014 దాకా మరణాల్ని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2017లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయ్యింది. ఆ చట్టం వచ్చాక ఫ్లోరిడాలో హత్యలు సుమారు 24 శాతం, తుపాకీ హత్యలు సుమారు 32 శాతం పెరిగాయని తేల్చింది. అలాంటి చట్టం లేని, పోల్చి చూసిన రాష్ట్రాల్లో ఆ పెరుగుదల లేదు. జనం క్షేమం కోసమని తెచ్చిన చట్టం శవాల్ని పెంచింది.

2012 ఫిబ్రవరి 26న అదే ఫ్లోరిడాలో, శాన్‌ఫర్డ్ అనే ఊళ్ళో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ళ నల్లజాతి పిల్లాడు దుకాణానికి పోయి తిరిగొస్తున్నాడు. చేతిలో ఆయుధం లేదు. కాలనీ కాపలా తిరిగే మనిషి అనుమానపడి వెంటపడ్డాడు, పెనుగులాటలో కాల్చేశాడు. ఆత్మరక్షణ అన్నాడు. ఆరు వారాలకు పైగా అరెస్టే లేదు. 2013లో జ్యూరీ నిర్దోషి అన్నాది. చచ్చిపోయిన పిల్లాడు తన భయం గురించి చెప్పుకోడానికి కోర్టుకి రాలేడు కదా.

మన తెలుగోళ్ళకీ ఆ తుపాకీ తగిలింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లని ఒకడు బార్లో కాల్చి చంపాడు. ముందు నోటికొచ్చినట్టు తిట్టాడు, బయటికి గెంటేశారు. పోయి తుపాకీతో తిరిగొచ్చాడు. ఆడికి తర్వాత జీవిత ఖైదు పడ్డాది, నిజమే. కానీ తుపాకీ చేతికి అందకపోతే ఆ రాత్రి తిట్లతో ముగిసిపోయేది.

ఎవరి భయం లెక్కలోకొస్తాది?

మనం ఆలోచించాల్సిన అసలు ముక్క ఇక్కడున్నాది. "నాకు భయమేసింది, అందుకే చంపాను" అన్న మాటకి చట్టం తేలిగ్గా తల ఊపితే, మన్యంలో ముందు ఎవరు చస్తారు?

చిల్లంగి పేరు మనందరికీ తెలుసు. ఊళ్ళో పిల్లాడికి జొరమొచ్చి తగ్గకపోతే ఒక ముసలమ్మ మీదో, ఒంటరి మనిషి మీదో వేలు చూపిస్తారు. ఆ అనుమానంతో కొట్టి చంపిన కేసులు మన కొండల్లో జరిగాయి. చంపినోడిని అడిగితే నిజంగానే చెప్తాడు, "ఆమె నా బిడ్డని తినేస్తాదని భయపడ్డాను" అని. ఆడి భయం ఉత్తుత్తి భయం కాదు, నూటికి నూరుపాళ్ళు నమ్మిన భయం. అందుకే చట్టం భయాన్ని కాకుండా సహేతుకమైన భయాన్ని అడుగుతాది. కత్తి ఎత్తాడా, నిప్పెట్టాడా, మీదికొచ్చాడా అని చూస్తాది. ఆ అడ్డుగోడ పల్చనైతే ముందు పోయేది ఊళ్ళో బలం లేని మనిషి ప్రాణం.

సల్వాజుడుం మనకి చెప్పిన పాఠం

"ప్రభుత్వమే ఊరోళ్ళకి ఆయుధమిస్తే ఏటవుతాది" అన్న ప్రశ్నకి జవాబు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన పక్కనే, ఛత్తీస్‌గఢ్ దంతెవాడ, బీజాపూర్ అడవుల్లో 2005లో సల్వాజుడుం మొదలయ్యింది. మావోయిస్టుల నుంచి ఆదివాసీలు తమని తాము కాపాడుకుంటారని చెప్పారు. చదువు సరిగా లేని కుర్రోళ్ళని ప్రత్యేక పోలీసు అధికారులు, అంటే ఎస్పీవోలు, అని తీసుకుని తుపాకులిచ్చారు. జీతం నెలకి 3,000 రూపాయలు. 2011 నాటికి ఆళ్ళ సంఖ్య 6,500.

జరిగిందేటి? ఊళ్ళు తగలబడ్డాయి. ఒకే తెగ, ఒకే ఇంటిపేరు మనుషులు రెండు వైపులా చీలి చంపుకున్నారు. వేలమంది కోయ, గొత్తికోయ కుటుంబాలు పిల్లల్ని ఎత్తుకుని ఖమ్మం, గోదావరి అడవుల్లోకి వలసొచ్చేశాయి. ఆళ్ళ గుడిసెలు ఇప్పటికీ భద్రాచలం, చింతూరు చుట్టుపక్కల ఉన్నాయి. చాలామందికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్టు లేదు, పోడుకి పట్టా లేదు.

2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పిచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకాయన మన తెలుగాయన, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. ఎస్పీవోలకి తుపాకులిచ్చి మావోయిస్టుల మీదకి పంపడం రాజ్యాంగ విరుద్ధం, ఇచ్చిన ఆయుధాలన్నీ వెనక్కి తీసుకోండి అన్నారు. పేద కుర్రోడి కోపాన్నీ, నిరుద్యోగాన్నీ వాడుకుని ఆణ్ణి యుద్ధానికి మేత చెయ్యకూడదన్నది దాని సారం. 2025లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఈ తీర్పునే తప్పుపట్టారు. 14 ఏళ్ళ తర్వాత కూడా ఆ ఆలోచన చావలేదని దాన్నిబట్టి అర్థం చేసుకోండి.

లివిటిపుట్టు, డుంబ్రిగుడ, అరకు

మన అరకు సంగతి కూడా మర్చిపోకండి. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ మావోయిస్టులు చంపేశారు. ఆళ్ళ వెంట గన్‌మెన్లున్నారు. శిక్షణ పొందిన మనిషి, సర్కారు తుపాకీ ఉండి కూడా ఆ ప్రాణాల్ని కాపాడలేకపోయాయి. కాపుకాసి వచ్చినోళ్ళ ముందు నడుముకున్న తుపాకీ ఎందుకూ పనికిరాలేదు. అలాంటప్పుడు మన ఇంటి అటకమీద తుపాకీ ఏటి కాపాడతాది?

అదే రోజు కోపంతో జనం డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు, నిప్పెట్టారు. దుఃఖంలో ఉన్న గుంపు అది. ఆ గుంపులో ఇంటికో లైసెన్సు తుపాకీ ఉండుంటే, ఎదురుగా పోలీసులు ఉండుంటే, ఆ సాయంత్రం ఇంకెన్ని పాడెలు లేచేవో ఊహించుకోండి.

అల్లూరి తుపాకులు పట్టలేదా?

పట్టాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు పట్టుకెళ్ళారు. అది అడవి చట్టాలకీ, వెట్టికీ ఎదురుతిరిగిన ఊళ్ళ తిరుగుబాటు. ఎవడికి వాడు లైసెన్సు తీసుకుని ఇంట్లో దాచుకున్న ఆయుధం కాదు. తెల్లోడు మలబార్ పోలీసుల్ని తెచ్చాడు, అస్సాం రైఫిల్స్‌ని దించాడు. 1924 మే 7న అల్లూరిని పట్టుకుని కోర్టూ విచారణా లేకుండా కాల్చేశారు. ఆ కథ నుంచి తీసుకోవాల్సింది తుపాకీ మోజు కాదు. విచారణ లేకుండా ప్రాణం తీసే అధికారం ఎవడి చేతిలోనూ ఉండకూడదు.

ఆ మాట పోలీసులకీ వర్తిస్తాది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ మనం వినే మాట ఒకటే, "ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపాం" అని. 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఎఫ్ఐఆర్ పెట్టాల, సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ స్వతంత్రంగా దర్యాప్తు చెయ్యాల, మెజిస్ట్రేటు విచారణ జరగాల. మనం దశాబ్దాలుగా సర్కారుని అడుగుతున్నది ఇదే, చంపినోడు జవాబు చెప్పాలని. ఆ జవాబుదారీ పోలీసులకి ఉండాలనీ, మనకి మాత్రం అక్కర్లేదనీ ఎలగ అడుగుతాం?

లైసెన్సు ఎవరికొస్తాది?

చివరిగా రొక్కం మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుకి పోలీసు రిపోర్టు కావాల. కొనడానికి డబ్బు కావాల. పోడు కేసో, ధర్నా కేసో ఉన్న ఆదివాసీ కుర్రోడికి ఆ రిపోర్టు ఎలాగొస్తాదో మీకు తెలుసు. వచ్చేదెవరికి? వడ్డీ వ్యాపారికి, క్వారీ కాంట్రాక్టరుకి, 1/70ని పక్కదారి పట్టించి బినామీ పేరుమీద భూమి పెట్టుకున్నోడికి. రేపు నువ్వు నీ భూమి నీదని గట్టుమీద నిలబడితే, ఆడికి నిన్ను చూసి "భయమేస్తాది". అప్పుడు ఆత్మరక్షణ హక్కు ఎవరిది?

మనోళ్ళ దగ్గరున్నది నాటు తుపాకీ. దానికి చట్టం చూపించే ముఖం వేరు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంటే రెండు నుంచి అయిదేళ్ళ జైలు. తయారుచేస్తే కనీసం ఏడేళ్ళు, యావజ్జీవం దాకా పోవచ్చు. వేటకెళ్ళి జంతువనుకుని తోటి మనిషిని కాల్చేసిన చావులు ఉండనే ఉన్నాయి. ఇంట్లో ఉంటే పెద్దల్తో మాట్లాడి, ఊరంతా కలిసి అప్పగించేయండి. పంట కాపలాకి మందు కూరే తుపాకీ లైసెన్సు అడిగే దారి చట్టంలోనే ఉన్నాది, నిజంగా అవసరమైతే అది అడగండి.

మరి భయానికి మందేటి? సెల్ టవరు, రోడ్డు, దారిలో దీపం. ఏ స్టేషన్‌కి పోయినా ఫిర్యాదు తీసుకోవాలని బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ చెప్తాది, ఫోన్లో కూడా పంపొచ్చు, మూడు రోజుల్లో సంతకం పెట్టాల. తీసుకోకపోతే ఎస్పీకి రాయండి. మీద చెయ్యేసినోడి మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసు పెట్టించండి. జంతువు దాడి చేస్తే అటవీ శాఖ నుంచి పరిహారం వసూలు చెయ్యండి. పెసా గ్రామసభలో చిల్లంగి మీద మాట్లాడండి, ఊరి భద్రత మీద తీర్మానం చెయ్యండి.

ఇవన్నీ నెమ్మదిగా జరిగే పనులు, రీల్స్‌లో తుపాకీలా మెరవవు. కానీ ఇచ్చేది సర్కారు బాధ్యత, అడిగేది మన హక్కు. తుపాకీ లైసెన్సు చేతిలో పెట్టి "ఇక నీ ప్రాణం నువ్వే చూసుకో" అంటే, ఆ బాధ్యత నుంచి సర్కారు చేతులు దులుపుకున్నట్టే. అంత సులువుగా దాన్ని వదిలేయకండి.