"అన్న ఎప్పుడొస్తడు?"

ఇంట్లో ఒక బిడ్డ చనిపోయినప్పుడు, ఆటిజం ఉన్న రెండో బిడ్డ ఏడవకపోవచ్చు. "వీనికేం తెల్వది" అంటారు చుట్టాలు. తెలుసు. బయటపడే తీరే వేరు: నిద్ర పట్టదు, అన్నం ముట్టడు, చేతులు ఊపడం ఎక్కువవుతుంది, ఒక్కోసారి నవ్వుతాడు కూడా. ఇవి నెలల తర్వాత మొదలైనా ఆశ్చర్యపోకండి.

మాటల దగ్గర చాలా జాగ్రత్త. ఈ పిల్లల్లో చాలామంది మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటారు. "అన్న ఊరికి పోయిండు" అంటే దేవరకొండ బస్సు కోసం ఎదురుచూస్తారు. "నిద్రపోయిండు" అంటే పడుకోవడానికే భయపడొచ్చు. "అన్న చనిపోయాడు. ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక రాడు" అని చెప్పండి. మనకు కటువుగా ఉంటుంది గానీ, వాడికి అర్థమయ్యేది అదే. జబ్బుతో పోతే ఆ జబ్బు పేరు చెప్పండి. లేదంటే రేపు జలుబు చేసినా తానూ పోతాననుకుంటాడు. అదే ప్రశ్న ఇరవైసార్లు అడిగితే అవే మాటల్లో జవాబివ్వండి. మొండితనం కాదది.

మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు, దినం నాడు, ఇంటినిండా జనం, ఏడుపులు. ఏం జరగబోతోందో ముందురోజే బొమ్మలు గీసి చూపండి. ఓ గది ఖాళీగా ఉంచండి. రానంటే బలవంతం వద్దు. అన్న బ్యాగు, చెప్పులు ఒక్కసారే తీసేయకండి.

బడికి పంపేముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. వ్యాన్‌లో పక్క సీటు ఖాళీ అవుతుంది కదా, అక్కడ ఎవరిని కూర్చోబెట్టాలో ముందే అనుకుందాం. తిండి, నిద్ర వారాల తరబడి కుదరకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలోనూ చూపించవచ్చు.