గేర్‌బాక్సులో ఎర్ర నూనె

1939 చివర్లో అమెరికా షోరూముల్లోకి వచ్చిన 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారుకు క్లచ్ పెడల్ లేదు. గేర్లు మార్చే బాధ్యతను డ్రైవరు నుంచి తీసేసి జనరల్ మోటార్స్ ఒక ఇనప పెట్టెకు అప్పగించింది. ఎర్ల్ థాంప్సన్ నాయకత్వంలో ఇంజనీర్లు తయారుచేసిన ఆ పెట్టె పేరు హైడ్రా-మాటిక్. నాలుగు గేర్లూ తనంతట తానే మార్చుకునేది. తర్వాత అది యుద్ధానికీ వెళ్ళింది. ఎం5 స్టువర్ట్ తేలిక ట్యాంకుల్లో రెండు క్యాడిలాక్ ఇంజన్లకు రెండు హైడ్రా-మాటిక్‌లు బిగించారు.

ఆ పెట్టె గొప్పతనంలో సగం దానిలో పోసిన నూనెది. ఇంజన్ తిప్పే పంకా నూనెను విసిరికొడితే, ఆ తాకిడికి ఎదురుగా ఉన్న రెండో పంకా తిరుగుతుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఈ సూత్రాన్ని 1905 నాటికే ఓడల టర్బైన్ల కోసం కనిపెట్టాడు. కారులోకి వచ్చేసరికి నూనెకు పనులు పెరిగాయి. శక్తిని మోయాలి, వాల్వులకు ఒత్తిడితో ఆజ్ఞలు అందించాలి, వేడిని కూలర్ దాకా తీసుకెళ్ళాలి, ఉక్కుకు తుప్పు పట్టనివ్వకూడదు.

అన్నిటికన్నా కష్టమైన పని రాపిడిని అదుపులో ఉంచడం. గేర్ల పళ్ళు, బేరింగులు జారాలి. అదే నూనెలో మునిగి ఉన్న క్లచ్ పలకలు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఒక్కసారిగా పట్టుకుంటే కారు కుదుపు ఇస్తుంది, ఆలస్యంగా పట్టుకుంటే పలకలు మాడిపోతాయి. మామూలు ఇంజన్ ఆయిల్ ఈ మెలకువ చూపలేదు. అందుకే జనరల్ మోటార్స్ 1949లో టైప్ ఎ పేరుతో ఈ నూనెకు ప్రమాణాలు నిర్ణయించింది. కారు కింద మరక కనిపిస్తే అది ఇంజన్‌ది కాదు, గేర్‌బాక్సుదని తెలియడానికి ఎరుపు రంగు కలిపారు.

ఈ నూనె కథలో తిమింగలం కూడా ఉంది. స్పెర్మ్ తిమింగలం నుంచి తీసిన నూనె నిజానికి ద్రవరూపంలో ఉండే మైనం. గంధకం కలిపి సిద్ధం చేసిన ఆ నూనెను కొద్దిపాళ్ళలో చేరిస్తే క్లచ్ పలకలు మెత్తగా, కుదుపు లేకుండా పట్టుకునేవి. వేడికి తట్టుకునేది, లోహాన్ని అంటిపెట్టుకుని ఉండేది. టైప్ ఎ తర్వాత 1967లో జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్ పేరుతో తెచ్చిన మొదటి నూనెలోనూ అదే వాడారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చడంతో సరఫరా ఆగింది.

రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాలతో డెక్స్‌రాన్-2 తెచ్చారు. రాపిడి సంగతి చక్కబడిందనుకుంటే తుప్పు ఎదురుతిరిగింది. కొత్త మిశ్రమం రేడియేటర్‌లో ఉండే నూనె కూలర్ అతుకుల్లోని టంకాన్ని తినేయసాగింది. లోహాన్ని కాపాడే రసాయనాలు చేర్చి 1975లో డెక్స్‌రాన్-2 డి రకాన్ని విడుదల చేశాక గానీ ఆ సమస్య ఒక కొలిక్కి రాలేదు. నూనెలో ఒక్క దినుసు మారిస్తే యంత్రంలో ఎక్కడో ఇంకో చోట దెబ్బ తగులుతుందన్న పాఠం అప్పుడు నేర్చుకున్నారు. 2005లో వచ్చిన డెక్స్‌రాన్-6 దాకా ప్రతి మార్పు వెనుకా ఈ జాగ్రత్త ఉంది.

నూనె తుప్పును ఆపే తీరు ఆవకాయ జాడీలో పైన తేలే నూనె పొరలాంటిదే. నిరోధక రసాయనాల అణువులు ఒక కొసతో ఉక్కును పట్టుకుని, రెండో కొసను నూనె వైపు చాచి నిలబడతాయి. ఆ పొరను దాటి నీటిచుక్క లోహాన్ని తాకలేదు. అయితే ఈ కాపలాకు హద్దు ఉంది. కూలర్‌కు చిల్లుపడి రేడియేటర్ నీళ్ళు కలిస్తే ఎర్ర నూనె గులాబీ రంగు పాలలా మారుతుంది. అప్పుడు ఉక్కుకు తుప్పు పడుతుంది. అంతకన్నా ముందే కాగితపు పీచుతో చేసిన క్లచ్ పొరలు ఉబ్బి, జిగురు వదిలి ఊడిపోతాయి. వరద నీళ్ళు గేర్‌బాక్సు గాలిగొట్టం గుండా లోపలికి చేరినా ఇదే జరుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి. అలా మునిగిన కారును అక్కడే స్టార్ట్ చేయకుండా ట్రక్కు మీద మెకానిక్ దగ్గరికి చేర్చాలని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఈ నూనెకు గేర్‌బాక్సు బయట కూడా ఒక ఉద్యోగం ఉంది. తుప్పుపట్టి కదలని నట్లకు, చాలాకాలం నిలిచిపోయి పట్టేసిన పిస్టన్లకు పాత మెకానిక్కులు దీన్ని అసిటోన్‌తో సగంసగం కలిపి పోస్తారు. అసిటోన్ నూనెను పలచబరిచి మరల సందుల్లోకి దింపి ఆవిరైపోతుంది, నూనె అక్కడే మిగిలి జారుడునిస్తుంది. ఇది తుప్పును కరిగించదు, దాని పట్టు సడలిస్తుంది అంతే. రెండూ పూర్తిగా కలవవు కాబట్టి ప్రతిసారీ కుదపాలి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పెయింటును లేపేస్తుంది. నిప్పు దగ్గర ఈ పని పెట్టుకోకూడదు. కారు అడుగుభాగానికి తుప్పు రాకుండా ఇదే నూనె పూయడం మాత్రం దండగ. అంత పలచని నూనె వానకు నిలవదు, పైగా కారి నేలను పాడుచేస్తుంది.

మీ కారుకు క్లచ్ పెడల్ లేనంత మాత్రాన అందులో ఉన్నది ఎర్ర నూనే అనుకోకండి. మన రోడ్లమీద తిరిగే ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) కార్లలో ఉండేది మామూలు గేర్‌బాక్సే, దానికి పోసేది గేర్ ఆయిలే. సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్) కార్ల నూనె వేరు. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన రకాన్నే, రాసిన గడువులోనే మార్పించండి. నూనె పాలలా మారినా, మాడు వాసన వచ్చినా బండి నడపడం ఆపి చూపించండి. నూనె మార్చే ఖర్చు గేర్‌బాక్సు మార్చే ఖర్చులో చిన్న భాగమే.