కంచె దాటిన జన్యువు
పశ్చిమ ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియే, అనాఫిలిస్ కొలుజ్జీ దోమలు చూపుకి కవలలే. 2013లో కొలుజ్జీకి వేరే జాతిగా పేరు పెట్టారు. వీటికి పుట్టిన సంకర దోమలు ఆడైనా మగైనా పిల్లల్ని కంటాయి. మరి వేరు జాతులెలా అయ్యాయని అడగొచ్చు, సబబైన ప్రశ్నే. వాటిని విడదీసేది గొడ్డుతనం కాదు, జోడీ ఎంపిక: మునిమాపు వేళ మగదోమలు ముసిరే చోట్లు చాలావరకు వేరు.

ఆ కంచెకి కంతలున్నాయి. పైరెత్రాయిడ్ మందుని తట్టుకునే కేడీఆర్ జన్యుమార్పు గాంబియే నుంచి కొలుజ్జీకి చేరింది ఆ దారినే. కలయికలు అరుదేగా, ఏం కొంప మునిగింది అంటారా? దోమతెరలకి పట్టించే మందు అదే. కొన్ని సంకర దోమలు గుడ్లు పెడితే చాలు, తట్టుకోలేనివాటిని ఏరేసే పని మందే చేసిపెడుతుంది. మరో చుట్టం అరబియెన్సిస్‌తో గాంబియేకి పుట్టిన మగవి గొడ్డువే, ఆడవి కావు. అక్కడా తలుపు ఓరగా తెరిచే ఉంది.